పలక కొట్టిన చేతికి లెక్క రాదా?

సంక్రాంతి దాటి ఫిబ్రవరి వచ్చిందంటే హైస్కూళ్లలో ఒక లిస్టు తయారవుతుంది. పదో తరగతిలో ఎవరు పాసవుతారు, ఎవరు గట్టెక్కడం కష్టం అని పేర్లు రాస్తారు. రెండో రకం పిల్లలకు ఇంగ్లీషులో ముద్దుగా ఒక పేరుంది, స్లో లర్నర్స్. తెలుగులో ఇంకా ముద్దుగా ‘వెనుకబడిన విద్యార్థులు’. ఈ లిస్టుకెక్కిన పిల్లోనికి ఆ రోజు నుంచి లెక్కల పుస్తకం బందు. పది పేజీల జిరాక్సు చేతిలో పెడతారు. దాని పేరు మినిమం మెటీరియల్. గ్రాఫు గీసేది నేర్చుకో, మధ్యగతమూ బాహుళకమూ బట్టీ కొట్టు, ముప్పై అయిదు వస్తాయి, బయటపడు. మాటల లెక్కలు వదిలెయ్. సిద్ధాంతాలు వదిలెయ్. సంభావ్యత జోలికే పోవద్దు. వర్గ సమీకరణాలా? నీకెందుకురా అవి?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ పల్లెల్లో పాఠం చెప్పుకుని బతికేవాళ్లం మేం. ఈ లిస్టులు చూసినాం. చూడడమేంది, మా చేతులతోనే రాసినాం. ఆ పాపంలో మాకూ వాటా ఉంది గనక ముందే ఒప్పుకుంటున్నాం. ఒక ఏడాది మేం రాసిన లిస్టులో పద్నాలుగు పేర్లుండె. సంతకం పెట్టే ముందు ఎందుకో పేర్లు కాకుండా ఆ పిల్లల ఇండ్లు ఎక్కడున్నాయని చూసుకున్నాం. పదకొండు మంది మన గేరి పిల్లలు. ఇద్దరు బెంగళూరికి వలసపోయి తిరిగొచ్చిన కూలోళ్ల పిల్లలు. ఒకరు తండ్రి లేని సాయిబుల పాప. దేవుడు తెలివిని గేరి చూసి పంచినాడా, లేక మేం లిస్టును గేరి చూసి రాసినామా? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ వ్యాసం ఆ పద్నాలుగు పేర్లకు మేం బాకీ ఉన్న జవాబు.

నల్లబల్ల వెనక సద్దిమూటలు

బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయిలో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివే రోజుల ముచ్చట మనలో చాలామంది విన్నదే. ఒకరోజు అయివారు ఆయన్ని బోర్డు మీద లెక్క చేయమని పిలిచినాడు. అంతే, క్లాసులో గగ్గోలు. సవర్ణ పిల్లల సద్ది డబ్బాలు బోర్డు వెనక పెట్టి ఉండె. అంటరాని పిల్లోడు బోర్డును ముట్టుకుంటే కూడు మైలపడుతుందని అందరూ ఉరికి డబ్బాలు పక్కకు లాగేసుకున్నారు. ఆ తర్వాతే ఆయన బోర్డు కాడికి పోగలిగినారు. 1907లో మెట్రిక్ పాసయినారు. తర్వాత ఆయన ఏమైనారో లోకమంతా చూసింది.

ఈ కథ చెప్పుకునేటప్పుడు మనం డబ్బాల దగ్గరే ఆగిపోతాం. మేం లెక్కలయివార్లం గనక ఇంకొకటి కూడా చూస్తాం. ఆ పిల్లోన్ని పిలిచింది లెక్క చేయడానికి. ఎంత అవమానం జరిగినా లెక్క మాత్రం ఆయన ముందర ఉండె. ఈనాడు బోర్డు వెనక డబ్బాలు లేవు. మధ్యాహ్నం అందరికీ ఒకే అన్నం వండుతున్నారు, మంచిదే. కానీ అప్పుడు మన పిల్లోడు బోర్డు కాడికి వస్తే సద్ది పక్కకు జరిపినారు. ఇప్పుడు మన పిల్లోడు రాకముందే లెక్కనే పక్కకు జరుపుతున్నారు. ఏది పెద్ద అంటరానితనం? మీరే చెప్పండి.

వేదం వింటే చెవుల్లో సీసం పోయమన్నారు. పోనీ, వేదం లేకపోయినా మనకు పూట గడిచింది. లెక్క లేకుండా గడవలేదు. తెలుగులో లెక్కల పుస్తకం లేక కాదు. 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు చేసినాడు. దగ్గర దగ్గర వెయ్యేండ్లు. ఈ వెయ్యేండ్లలో ఆ తెలుగు లెక్క మన గేరి దోవ ఎన్నిసార్లు తొక్కింది? అది కరణం దస్త్రంలో మూట కట్టుకుని కూచుంది. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. కరణం పోయినాడు. కరణం చేతిలోని లెక్క మాత్రం మన చేతికి రాలేదు.

పలక రెండు రకాలు

మా దిక్కు డప్పును పలక అంటారు. బడిలో అక్షరాలు దిద్దేదీ పలకే. మా నాయన చేతిలో మొదటి పలక, మా చేతిలో రెండో పలక. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనుషులం మేమే. నాయన పలక చేసేటప్పుడు దగ్గర కూచుని చూసేవాళ్లం. అడ్డం రెండు జానలుంటే చుట్టు కట్టెకు ఆరు జానలు కొలిచి, పైన మూడేళ్లు, ఇంకొంచెం వదిలేవాడు. ఎందుకు నాయనా అంటే, “అంతే పడతాది లేరా” అనేవాడు. చాన్నాళ్ల తర్వాత మేం వృత్త పరిధి సూత్రం నేర్చుకుని జానకు పన్నెండు వేళ్ల లెక్కన వేసి చూస్తే, సరిగ్గా అంతే. బడి మొగం చూడని మనిషి చేతిలో ‘పై’ ఉండె.

ఎనిమిదో తరగతిలో ఒక అయివారు మా బెంచీ దిక్కు తిరిగి, “మీరు బీజగణితంతో ఏం జేస్తార్రా? పలక కొట్టేదానికి సూత్రం కావాల్నా?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. మేం కూడా నవ్వినాం. అందరితో పాటు నవ్వకపోతే ఇంకా చిన్నబోతామని నవ్వినాం. ఆ నవ్వు ఈరోజుకీ గొంతులో అడ్డం పడి ఉంది.

మాకు రేఖాగణితం ఎక్కించింది బడి కాదు. ఎండాకాలం సెలవుల్లో బేల్దారి పనికి పోతే మా మేనమామ ఎక్కించినాడు. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మూలలో దారం కట్టి ఒక దిక్కు మూడడుగులు, ఇంకో దిక్కు నాలుగడుగులు గుర్తు పెట్టేవాడు. ఆ రెండు గుర్తుల నడుమ అయిదడుగులు వస్తే మూల మట్టం. రాకుంటే దారం జరపాల్సిందే. తొమ్మిదిని పదహారుతో కూడితే ఇరవై అయిదు. ఇదే పైథాగరస్ సిద్ధాంతం అని మేం పుస్తకం తెచ్చి చూపిస్తే మామ పెద్దగా నవ్వినాడు. “ఆయప్ప ఏ ఊరి మేస్త్రిరా?” అన్నాడు. మినిమం మెటీరియల్‌లో వదిలేయమని చెప్పేది ఈ సిద్ధాంతాన్నే.

పెనుకొండ కోట గోడలు నిలబెట్టినవాళ్లు, లేపాక్షిలో ఒకే రాతిని నంది చేసినవాళ్లు మూలమట్టం, తూకుగుండు తెలియకుండానే చేసినారా? ధర్మవరం మగ్గం మీద తిరిగే జాకార్డు అట్టలు చూడండి. చిల్లు ఉంటే దారం లేస్తుంది, లేకుంటే లేవదు. 1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ నేతగాళ్ల మగ్గానికి వచ్చిన ఆ అట్టల ఉపాయాన్నే ఇంగ్లండులో బాబేజి అనే ఆయన తన లెక్కల యంత్రానికి తీసుకున్నాడు. కంప్యూటరు వంశవృక్షంలో మగ్గం ఉంది. చేతివృత్తుల కులాలకు లెక్క రాదని చెప్పేవాళ్లకు ఏ మొగం ఉంది?

చేను వంకరయితే ఎకరా ఎంత?

తీసేసిన పాఠాలు మన బతుక్కు ఎంత అవసరమో ఒక్కొక్కటీ చూద్దాం. మొదట భూమి.

ఎకరా అంటే 4,840 చదరపు గజాలు. సెంటు అంటే అందులో నూరో వంతు, 48.4 చదరపు గజాలు. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు అయితే ఎకరా. ఇంతవరకు మన ముసలోళ్లకూ తెలుసు. చిక్కు ఎక్కడొస్తుందంటే, చేను వంకరగా ఉన్నప్పుడు.

చేను కొలవడానికి ఒక మొరటు పద్ధతి ఉంది. ఎదురెదురు గట్లు రెండూ కూడి సగం చేస్తారు. తక్కిన రెండు గట్లు కూడి సగం చేస్తారు. ఆ రెండు సగాలనూ హెచ్చవేస్తారు. మూలలు మట్టంగా ఉంటే ఈ లెక్క సరే. వంక పక్కన చేను ఒక దిక్కుకు ఒరిగి ఉంటే? పైగట్టు, కిందిగట్టు 100 గజాలు. పక్క గట్లు 50 గజాలు. మొరటు లెక్కకు 5,000 చదరపు గజాలు, అంటే ఎకరా మూడు సెంట్లు. కొనేవాడు సంబరపడతాడు. కానీ ఆ 50 గజాల గట్టు నిటారుగా లేదు, 30 గజాలు పక్కకు ఒరిగింది అనుకోండి. అప్పుడు పైగట్టుకూ కిందిగట్టుకూ నడుమ నిటారు దూరం 50 కాదు, 40. మా మామ దారంలోని మూడు, నాలుగు, అయిదే ఇక్కడ ముప్పై, నలభై, యాభై అయింది. కాబట్టి అసలు విస్తీర్ణం 100ని 40తో హెచ్చించినంత, 4,000 చదరపు గజాలు. అంటే 82 సెంట్ల పైచిలుకు. ఇరవై సెంట్లు గాలిలో కలిసిపోయినాయి.

ఇంకో మాట గుర్తు పెట్టుకోండి. ఈ మొరటు లెక్క తప్పితే ఎప్పుడూ ఎక్కువ దిక్కే తప్పుతుంది, తక్కువ దిక్కు తప్పదు. అంటే మునిగేది కొనేవాడు, పంచి ఇస్తే తీసుకునేవాడు. అమ్మేవాడూ, ఇచ్చేవాడూ మునగడు. మనం ఎప్పుడూ ఏ పక్కన ఉన్నామో వేరే చెప్పాల్నా?

దీనికి సర్వేయరు అక్కరలేదు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు టేపు లాగండి. తక్కిన రెండు మూలల నడుమ కూడా లాగండి. ఎదురెదురు గట్లు సమానమై, ఈ రెండు కొలతలూ ఒకటే అయితే చేను మట్టంగా ఉన్నట్టు. పైన చెప్పిన చేనులో ఒకటి 136 గజాలు వస్తుంది, ఇంకోటి ఎనభైన్నర. అక్కడే గుట్టు బయటపడుతుంది. 2020 డిసెంబరులో ఇంటిపట్టాలు పంచినప్పుడు పల్లెల్లో సెంటున్నర ఇచ్చినారు. సెంటున్నర అంటే 653.4 చదరపు అడుగులు. 33 అడుగుల పొడవుంటే వెడల్పు 19.8 అడుగులు ఉండాలి, మూలలు మట్టంగా ఉండాలి. మీ రాళ్ల మధ్య ఎంతుందో ఎప్పుడన్నా కొలుచుకున్నారా? అదే ఏడాది చివర భూముల రీసర్వే కూడా మొదలైంది. పటం చేతికిచ్చినప్పుడు దాన్ని చదవగలిగే పిల్ల ఇంట్లో ఉండాలా, వద్దా? సమాంతర చతుర్భుజం వదిలెయ్ అంటే, ఇరవై సెంట్లు వదిలెయ్ అనే కదా అర్థం!

ఎక్స్, వై అంటే చింతపండు

ఇక బీజగణితం. అక్షరాలతో లెక్కేంది, ఇది పనికిమాలిన చదువు అని మనోళ్లే అంటారు. మన ఆడోళ్లు చింతకాయ కొట్టి, గింజ తీసి, ఈనె తీసి, వేళ్లు పగిలేదాకా పండు చేస్తారు. హిందూపురం మార్కెట్లో దాన్ని కరిపులి అని, ఫ్లవర్ అని రకాలు కట్టి అమ్ముతారు. కరిపులికి ధర ఎక్కువ, ఫ్లవర్‌కు తక్కువ. ఒక అక్క 60 కిలోలు ఏ మండీకో వేసిందనుకోండి. ధరలు లెక్క కోసం మేం వేసుకున్నవి: కరిపులి కిలో 200, ఫ్లవర్ కిలో 100. చీటీలో రకాలు రాయకుండా మొత్తం 8,000 అని రాసి ఇచ్చినారు. అక్కకు చదువు లేదు. కానీ తాను 28 కిలోల కరిపులి వేరు చేసినట్టు గుర్తుంది.

ఇప్పుడు తొమ్మిదో తరగతి పాప చీటీ తీసుకుంటుంది. కరిపులి ఎక్స్ కిలోలు, ఫ్లవర్ వై కిలోలు. రెండూ కలిసి 60. 200 ఎక్స్, 100 వై కలిసి 8,000. రెండో దాన్ని నూరుతో భాగిస్తే, రెండు ఎక్స్‌లూ ఒక వై కలిసి 80. అందులోంచి మొదటిది తీసేస్తే ఎక్స్ 20. అంటే మండీవాడు 20 కిలోలకే కరిపులి ధర కట్టినాడు. అక్క చెప్పింది 28. ఎనిమిది కిలోలు రకం దించినాడు. కిలోకు నూరు చొప్పున 800 రూపాయలు తగ్గించినాడు. చీటీలో రాయకుండా దాచిన సంగతిని రెండు సమీకరణాలు బయటికి లాగినాయి. బీజగణితం అంటే ఇదే, తెలిసిన దాన్ని పట్టుకుని దాచిన దాన్ని బయటికి లాగడం. మన నుంచి దాచినవి ఎన్ని లేవు? అందుకే ఈ చదువు మనకే ఎక్కువ కావాలి.

రోజువారీ ఫైనాన్సు లెక్క కూడా చూడండి. పదివేలు అని రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని, తొమ్మిదివేలు చేతిలో పెడతారు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కట్టాలి. “పదివేలకు వెయ్యే గదన్నా వడ్డీ, నూటికి పది” అంటాడు. నూటికి పదా? మొదటి రోజు మన చేతిలో తొమ్మిదివేలు, చివరి రోజుకు సున్నా. నడుమ మన దగ్గర ఉన్నది సగటున నాలుగున్నర వేలు. దానిమీద నూరు రోజులకు వెయ్యి అంటే నూటికి 22 పైన. ఏడాదికి లెక్కేస్తే నూటికి దాదాపు 80. ఊర్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36. దాన్నే మనం రక్తం తాగే వడ్డీ అంటున్నాం. మరి దీన్ని ఏమనాలి?

తలరాత కాదు, వందలో ఒకటి

సంభావ్యత పాఠంలో పాచికలు, పేకముక్కలు, సంచిలో రంగు బంతులు ఉంటాయి. ఇది జూదం చదువు, బడిపిల్లలకెందుకు అని ఒక పెద్దమనిషి మాతో వాదం పెట్టుకున్నాడు. సామీ, జూదం మా ఊర్లలో ముందే ఉంది, దాని లెక్కే లేదు. 1654లో ఫ్రాన్సులో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు ఉత్తరాలు రాసుకుని ఈ శాస్త్రానికి పునాది వేసింది జూదగాళ్ల సందేహం తీర్చబోయే కదా.

మా మూడు ఊళ్ల దిక్కు మట్కా సంగతి తెలియని ఇల్లు లేదు. సున్నా సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా వంద నంబర్లు. తగిలితే రూపాయికి 80 అని ఆశ పెడతారు. ఒక రాత్రి వంద మంది వంద నంబర్ల మీద పది రూపాయల చొప్పున కట్టినారనుకోండి. బీటర్ చేతికి వెయ్యి వచ్చింది. తగిలిన ఒక్కనికి 800 ఇచ్చినాడు. 200 మిగిలింది. వాడు ఏ నంబరూ కనిపెట్టలేదు, ఏ సామినీ మొక్కలేదు. వానికి రోజూ తగులుతుంది. తెల్లారి టీకొట్టు కాడ ఎనిమిది వందలు గెలిచినవాని పేరే వినిపిస్తుంది. తొంభై తొమ్మిది మంది నోరు మూసుకుని కూలికి పోతారు.

“ఈ నంబరు వచ్చి చాన్నాళ్లయింది, ఈపొద్దు వచ్చి తీరుతాది” అంటారు. నంబరుకు జ్ఞాపకం ఉండదయ్యా. నిన్న రాలేదని ఈరోజు దానికి సిగ్గు పుట్టదు. రోజూ వందలో ఒకటే. తగలకుండా పోయే అవకాశం రోజుకు వందలో తొంభై తొమ్మిది. నూరు రోజులు వరసగా ఆడితే ఆ తొంభై తొమ్మిది బై వందను నూరుసార్లు హెచ్చించాలి. వచ్చేది 0.366. అంటే నూరు రోజులు ఆడినవాళ్లలో మూడో వంతు పైన మందికి ఒక్కసారి కూడా తగలదు. ఇది తలరాత కాదు, లెక్క. ఈ లెక్క తెలిసిన పాప తండ్రి చెయ్యి పట్టుకుని, “నాయనా, రోజుకు యాభై పెడితే సగటున పది పోతాది, నెలకు మూడు నూర్లు, నా నోటుబుక్కుల దుడ్డు అది” అని చెప్పగలదు. చెప్పిన పిల్లను మేం చూసినాం. ఆ తండ్రి మానినాడా అంటే, ఆరు నెలలు మానినాడు, మళ్లీ పట్టినాడు. లెక్క ఒక్కటే అన్నీ మాన్పదు. కానీ ఆ ఇంట్లో ‘మన రాత ఇంతే’ అనే మాట ఆగిపోయింది. వేల ఏండ్లుగా మన వీపు మీద మోపింది ఆ మాటనే కదా!

వాదాలు, జవాబులు

“పాసు కావడమే కష్టమైన పిల్లలకు పెద్ద లెక్కలెందుకు, ముందు గట్టెక్కనీయండి” అని తోటి టీచర్లు అంటారు. ఇందులో నిజం లేదని మేం అనం. పదో తరగతి తప్పిన పిల్లోడు ఎక్కడ తేలుతాడో మాకు తెలుసు. బెంగళూరులో ఇసుక మోస్తూ తేలుతాడు. పరీక్షకు నెల ముందు ఆ పది పేజీలు ఇవ్వడం తప్పనిసరి కావచ్చు. మా పోట్లాట ఆ నెలతో కాదు, దానికి ముందు గడిచిన నాలుగేండ్లతో. పదో తరగతి ఫిబ్రవరిలో బీజగణితం రాలేదంటే, ఆరో తరగతిలో భిన్నాలు రాలేదని అర్థం. శెనక్కాయలు పీకే కాలంలో పిల్లోడు నెల్లాళ్లు బడికి రాకపోతే, వచ్చినాక ఆ నెల పాఠం ఎవరు చెప్పినారు? ఎవరూ చెప్పలేదు. ఒక మెట్టు విరిగింది, పై మెట్లన్నీ గాలిలో మిగిలినాయి. పిల్లలు వెనుకబడలేదు, మెట్టు విరిగిన కాడ వదిలేసి మనం ముందుకు పోయినాం.

“వాళ్ల బుర్రకు ఎక్కదు” అనేవాళ్లకు జవాబు హిందూపురం పక్కనే ఉంది. 1972లో కొడిగెనహళ్లిలో సర్కారు రెసిడెన్షియల్ బడి పెట్టింది. తిండి, పుస్తకం, పొద్దస్తమానం చదువు చెప్పే అయివారు దొరికితే పల్లెటూరి పిల్లలు పదో తరగతిలో రాష్ట్రం మొత్తానికి పేరు తెచ్చుకున్నారు. బుర్రలు అప్పుడూ ఇవే, ఇప్పుడూ ఇవే. మారింది కూడూ, కాలమూ, నమ్మకమూ.

“కారు ఫ్యాక్టరీలు వచ్చినాయి, పని దొరుకుతుంది, లెక్కలతో ఏం పని” అని ఇంకో వాదం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల తయారీ మొదలైంది. ఎక్కడి ఫ్యాక్టరీలోనైనా మిషన్ కాడ నిలబడాలంటే ఐటీఐయో డిప్లొమానో అడుగుతారు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో మూడో వంతుకు పైగా లెక్కలే. లెక్క వదిలేసిన పిల్లోనికి గేటు బయట టీ అమ్మే పని మిగులుతుంది.

చివరి వాదం మనవాళ్లది, అదే ఎక్కువ నొప్పి. “లెక్కలు వాళ్ల చదువు, మనకు పాటా, పోరాటమూ చాలు” అని మన సభల్లో అంటున్నారు. పాటను మేం తక్కువ చేయం, పాట లేకుంటే మనం లేం. కారంచేడు, చుండూరు మనకు పోరాటం నేర్పినాయి. కానీ అమెరికాలో బాబ్ మోజెస్ అనే నల్లజాతి కార్యకర్తను చూడండి. 1960ల మొదట్లో మిసిసిపీ రాష్ట్రంలో దెబ్బలు తిని నల్లవాళ్ల చేత ఓటు రాయించిన మనిషి. వృత్తికి లెక్కల టీచరు. 1982లో ఆయన బీజగణిత ఉద్యమం మొదలుపెట్టినాడు. చదువు రాదన్న పేరుతో ఆనాడు నల్లవానికి ఓటు లేకుండా చేసినారు, లెక్క రాదన్న పేరుతో ఈనాడు బతుకుదెరువు లేకుండా చేస్తున్నారు, కాబట్టి బీజగణితం కూడా పౌరహక్కే అని ఆయన వాదం. 2021లో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. దళిత పాంథర్లు 1972లో నల్ల పాంథర్ల నుంచి పేరు తీసుకున్నారు. ఈ బోర్డూ చాక్‌పీసూ కూడా వాళ్ల నుంచి తీసుకుంటే తప్పేంది?

చేయాల్సిన పని

అమ్మలారా, అన్నలారా, బడిలో తల్లిదండ్రుల కమిటీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా ఉన్న బళ్లలో అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం ఆడోళ్లు ఉండాలి, మన పిల్లలు ఎంతమంది ఉంటే ఆ వంతున మనవాళ్లు ఉండాలి. ఆ కమిటీలో వేలిముద్ర వేసి టీ తాగి రావద్దు. ఈ ప్రశ్నలు అడగండి: ఆరు, ఏడు తరగతుల్లో భిన్నాలు రాని పిల్లలు ఎంతమంది, వాళ్లకు ఏం చేస్తున్నారు? శెనక్కాయల కాలంలో పోయిన పాఠం మళ్లీ ఎప్పుడు చెప్తారు? లిస్టు రాసినారా, రాస్తే అందులో ఏ గేరి పిల్లలు ఎంతమంది?

సంఘాల కార్యకర్తలారా, కాలనీలో అంబేద్కర్ బొమ్మ కాడ లైటు ఉంటుంది. వారానికి మూడు రాత్రులు, గంట సేపు. ఒక రాత్రి చేను లెక్క, ఒక రాత్రి చీటీ లెక్క, ఒక రాత్రి మట్కా లెక్క. పిల్లలు బోర్డు మీద చేసి పెద్దోళ్లకు విప్పి చెప్పాలి. అవ్వకు అర్థమైతేనే ఆ లెక్క అయినట్టు. సర్కారు బడి ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష ఉంది. అందులో గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. మన కాలనీ నుంచి ఎంతమంది రాసినారో ఈ వారమే లెక్క తీయండి.

తోటి టీచర్లారా, మీరు ఏ కులమైనా సరే, ఒక్కటే అడుగుతున్నాం. వచ్చే ఫిబ్రవరిలో లిస్టు మీద సంతకం పెట్టే ముందు ఆ పిల్లల ఇండ్లకు ఒకసారి పోయి రండి. మేం పోయినాం. పద్నాలుగు ఇండ్లలో ఒక ఇంటి గోడకు పలక వేలాడుతుండె. ఆ ఇంటి పిల్లోడు దాని చుట్టుకొలత అడిగితే జానతో కొలిచి చెప్పినాడు, సూత్రంతో కూడా వేసి చెప్పినాడు. రెండు జవాబులూ ఒకటే వచ్చినాయి. మేం లిస్టులో ఆ పేరు కొట్టేసినాం. తక్కిన పదమూడు పేర్లు కొట్టేసే పని ఇంకా మిగిలే ఉంది.

జై భీం.